‘అతుకుల బొంత’ తిట్టు కాదు, మన తల్లుల పనితనం

పొత్తుల సర్కారు ఏర్పడ్డ ప్రతిసారి పేపర్ల ఒక మాట కనబడ్తది: ‘అతుకుల బొంత’. ఇద్దరు ఒక్కతీరు ఉన్న జంటను చూస్తే ‘గంతకు తగ్గ బొంత’ అని నవ్వుతరు. ఈ మాటలను ఎక్కిరింపుకు వాడేటోళ్లు ఎన్నడన్న బొంత కుట్టిన్రా? కుట్టినోళ్లకు ఎరుకే. అతుకు బొంతకు బలహీనత కాదు. చినిగిన చీర ఒక్కతే అయితే పొయిల మసిగుడ్డ అయితది. అసొంటియి ఆరు కలిపి కుడితే ఏండ్లకేండ్లు ఇంటిల్లిపాదిని చలికాలం కాపాడ్తది.

అసలు బొంత ఏంది, దాన్నెట్ల కుడ్తరు, అది ఎందుకు మాయమైతున్నది, పల్లెల్ల ఉన్న పోరగాండ్లు, పోరీలు దాన్ని ఇష్టంగ నేర్చుకోని ఓ సంఘం కట్టుకుంటె ఏమైతది? ఈ ముచ్చట్లు ఇయ్యాల వివరంగ మాట్లాడుకుందాం. ‘పని దొరకక మేం తిప్పల పడుతుంటె బొంత కుట్టుమంటవా అన్నా’ అని అడిగేటోళ్లుంటరు. అడగాలె. జవాబు కిందికి పోయినకొద్ది దొరుకుతది.

బొంత అంటె ఏంది?

ప్రపంచంల చాలా తావుల్ల బొంత అసొంటిది ఉన్నది. మహారాష్ట్రల గోధడి అంటరు. బెంగాల్ల కాంథా, బీహార్ల సుజని. అమెరికాల క్విల్ట్ అంటరు. వాళ్ల క్విల్టుకు మామూలుగ మూడు పొరలు. పైన చిన్నచిన్న గుడ్డ ముక్కలతోని అతికిన పొర, నడుమ దూది, కింద అస్తరు. మన బొంతల దూది ఉండది. పాత నూలు చీరలు, ధోతులు నాలుగో ఆరో ఎనిమిదో పొరలు పరిచి, అన్నిటిని పట్టుకునేటట్టు మీది నుంచి కిందికి సూది దింపి కుడ్తరు. చినిగిన కాడ మంచి ముక్క అతుకుతరు.

ఇంత సాదా వస్తువుల లెక్క చాలా ఉన్నది. పొరపొరకు నడుమ గాలి చిక్కుకుంటది. ఆ నిలిచిన గాలి ఒంట్ల వేడిని బయటికి పోనియ్యది. కుట్టు దగ్గరదగ్గరగ పడితే పొరలు జారవు, ఉండలు కట్టవు. ఏండ్లు కట్టిన నూలు చీర ఉతికి ఉతికి మెత్తవడి ఉంటది, చెమటను గుంజుకుంటది. అందుకే బాలింతకు, పసిగుడ్డకు మొదాల పాత చీర బొంతనే ఏస్తరు. కొత్త గుడ్డ లేక కాదు, పాత గుడ్డ మెత్తగుంటదని. పేదరికం నుంచి పుట్టిందే గాని, తెలివి లేకుంట పుట్టింది కాదు.

ఓసారి లెక్క కట్టి చూడుండ్రి. 6 ఫీట్ల పొడుగు, 4 ఫీట్ల ఎడల్పు ఉన్న బొంత అనుకుందాం. అంగుళానికో వరుస ఏస్తే 48 వరుసలు. ఒక్కో వరుస 72 అంగుళాలు. అంగుళానికి 4 కుట్లు పడితే మొత్తం 13,824 కుట్లు. అంటె ఇంచుమించు 14 వేల సార్లు సూది దిగాలె, లేవాలె. నిమిషానికి 10 కుట్ల లెక్కన ఏసినా 23 గంటల పని. పరుచుడు, అతుకుడు, అంచు మడుచుడు దీంట్ల పట్టలే. మీ ఇంట్ల అటుక మీదున్న పాత బొంతను దించి ఓసారి ఎంచుండ్రి. దాంట్ల ఎన్ని మధ్యాహ్నాలు దాగి ఉన్నయో తెలుస్తది.

ఎందుకు మాయమైతున్నది?

మొదటి కారణం చీర మారింది. ఇప్పుడు దినాం కట్టేది పాలిస్టర్ చీర. అది సూది కింద జారుతది, చెమట గుంజది, పొర మీద పొర నిలవది. ఎనిమిది సింథటిక్ చీరలు కలిపి కుడితే అది బొంత కాదు, ఎండకాలం ఉడుకబెట్టే సంచి.

రెండోది, మిల్లు రగ్గు సంతల సస్తగ దొరుకుతున్నది. గొంగడికి ఏ గతి పట్టిందో బొంతకు గదే పట్టింది. మూడోది, బొంతకు తీరిక కావాలె. కైకిలికి పోయి, ఇంటికొచ్చి వంట చేసి, బట్టలుతికే మనిషికి 23 గంటలు ఎక్కడినుంచి వస్తయి? ‘మా అమ్మమ్మ కాలంల ఆడోళ్లకు మస్తు తీరిక ఉండె’ అనేది ఉత్త మాట. వాళ్లు కూడ చేన్ల నడుము ఇరిగేటట్టు చేసినోళ్లే. వానకాలం ముసురు పట్టి చేన్లకు పోరానప్పుడు, ఎండకాలం పని లేనప్పుడు నలుగురైదుగురు ఓ ఇంట్ల కూసోని కుట్టేది. ఆ కూసునుడే వాళ్ల సభ. అత్త ఆరడి, మొగని తాగుడు, బిడ్డ పెండ్లి, అప్పుల లెక్క అన్నీ అక్కడనే ఎళ్లబోసుకునేది.

నాలుగో కారణం సిగ్గు. బొంత కప్పుకుంటె బీదోళ్లమని తెలిసిపోతదని, చుట్టాలొస్తే అటుక మీదికి ఎక్కిస్తం. అదే అతుకుల గుడ్డకు పట్నంల షోరూమోడు చక్కటి పేరు పెట్టి అద్దాల ఎనుక పెడితే, ఏలు పెట్టి చూడనీకె కూడ భయపడ్తం. గుడ్డ అదే, కుట్టు అదే. మారింది అమ్మే చెయ్యి ఒక్కటే.

సూదికి ఆడ మొగ ఉన్నదా?

మొగపిలగాండ్లు ఇక్కడిదాంక సదివి ‘ఇది మా చెల్లెకు పంపుతం’ అనుకుంటున్నరేమో. ఆగుండ్రి. మన ఊర్ల బట్టలు కుట్టే మేర కులపాయన మొగాయనే కదా. పట్నంల రెడీమేడ్ దుకాణం ఎనుక మిషిన్ తొక్కేటోళ్లల్ల మొగోళ్లు ఎంతమంది లేరు? అంటె కుట్టు ఆడపని కాదు. కూలి ఇచ్చే కాడ సూది మొగోని చేతిలకు వస్తది, కూలి లేని కాడ ఆడోళ్ల చేతిలకు పోతది. అసలు భేదం గది. బొంతను ‘ఆడోళ్ల పని’ అన్నప్పుడు మనం చెప్తున్నది ఏందంటె, ‘దానికి పైసలు ఇయ్యం’ అని.

ఊరూరు తిరుక్కుంట ‘బొంతలు కుడ్తం’ అని కేకేసే ఆడోళ్లను మీరు చూసే ఉంటరు. చెట్టు కింద కూసోని, మనిచ్చిన చీరలతోని పొద్దుమీకేటాల్లకు బొంత చేతుల పెడ్తరు. వాళ్లతోని బేరమాడని ఇల్లుంటదా? మాల్ల ధర చీటీ చూసి నోరు మూసుకునే మనం, వాళ్ల కాడ 50 రూపాయల కోసం అరగంట కొట్లాడ్తం.

నది మలుపుల ఉన్న ఊరు

బొంత కుట్టేటోళ్లు సంఘం కడితే ఏమైతదో చెప్పనీకె ఓ నిజమైన ఊరు ఉన్నది. అమెరికాల అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. అలబామా నది మూడు దిక్కుల చుట్టుకోని పోయే మలుపుల జీస్ బెండ్ అనే ఊరు. ఒకప్పుడు పత్తి తోట. 1840లల మార్క్ పెట్‌వే అనే దొర ఆ తోటను చేతిలకు తీసుకోని, ఉత్తర కరోలినా నుంచి ఇంచుమించు 100 మంది నల్లజాతి బానిసలను నడిపించుకోని తెచ్చిండు. బానిసత్వం పోయినంక కూడ వాళ్లు ఆ భూమిలనే పాలుకు చేసుకోని బతికిన్రు. ఇయ్యాల్టికి ఆ ఊర్ల చాలమంది ఇంటిపేరు పెట్‌వేనే.

అప్పు ముచ్చట ఇంటే మనూరి ముచ్చటనే అనిపిస్తది. పత్తి ధర పడిపోయింది, షావుకారి కాడ అప్పు పెరిగింది. 1932ల ఆ షావుకారి చచ్చిపోతే, ఆయన ఇంటోళ్లు మనుషులను పంపి పశువులు, పనిముట్లు, తిండిగింజలు అన్నీ మోసుకపోయిన్రు. ఆ చలికాలం ఊరు ఆకలితోని గడిపింది. చెక్క గుడిసెలు, సందుల నుంచి ఈదర గాలి. అప్పుడు ఆడోళ్లు పాత పని బట్టలు, ఎరువుల సంచులు, పిండి సంచులు, ఏది దొరికితే అది అతికి క్విల్టులు కుట్టిన్రు. 1942ల మిజూరి పెట్‌వే అనే ఆమె, చచ్చిపోయిన పెనిమిటి పని బట్టలన్నీ కలిపి ఓ క్విల్టు కుట్టింది. మోకాలు కాడ రంగు ఎలిసిన ప్యాంటు ముక్కలు దాంట్ల అట్లనే కనబడ్తయి.

1960లల ఓటు హక్కు ఉద్యమం వచ్చింది. ఆ ఊరోళ్లు నది దాటి కామ్డెన్ పట్నంకు పోయి ఓటర్ల లిస్టుల పేరు రాసుకునుడు మొదలు పెట్టిన్రు. 1962ల నది దాటించే ఫెర్రీ పడవ బందయ్యింది. మళ్ల నడిచింది 2006ల. 44 ఏండ్లు! నది అద్దరికి పోవాలంటె చుట్టు తిరిగి గంటకు పైన ప్రయాణం. 1965 ఫిబ్రవరిల మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వచ్చిండు. ఓటుకు పేరు రాసుకున్నందుకు చాలమందికి పని పోయింది, కొందరిని ఇండ్ల నుంచి ఎళ్లగొట్టిన్రు.

గప్పుడు, 1966ల, ఆ చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్లు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నరు. బీ అంటె పదిమంది కూడి పని చేసుకునుడు. ఇయ్యాల మీ చేన్ల, రేపు మా చేన్ల అని మనోళ్లు బదులుకు పోతరు కదా, అట్ల. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే చర్చి ఫాదర్ క్విల్టులు జమ చేసి న్యూయార్కుల ఏలానికి పెట్టిండు. ఎస్టెల్ విదర్‌స్పూన్ అనే ఆమె చాన ఏండ్లు సంఘాన్ని నడిపింది. పెద్దపెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చినయి. 1972ల సియర్స్ కంపినీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు దొరికింది. సంఘం భూమి కొన్నది, కుట్టు కేంద్రం కట్టింది. ఓటుకు పేరు రాసుకోని ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ భూమిల జాగలు అమ్మింది. సూదితోని మొదలైన పని, నిలువనీడ దాంక పోయింది. ఇది గుర్తు పెట్టుకోవాలె.

కథల రెండో దిక్కు కూడ చెప్పాలె. దుకాణాలోళ్లు అన్నీ ఒక్క కొలత, ఒక్క నమూనా, ఒక్క తీరు కుట్టు ఉండాలన్నరు. దాంతోని ఎవరి మనసుకు తోచినట్టు వాళ్లు కుట్టుకునే తీరు సంఘం పనిల తగ్గింది. అది ఇండ్లల్లనే బతికింది. ఆ ఇంటి క్విల్టులే 2002ల హ్యూస్టన్ మ్యూజియంల, ఆ తర్వాత న్యూయార్కుల విట్నీ మ్యూజియంల గోడలెక్కినయి. 2006ల అమెరికా తపాలా శాఖ 10 క్విల్టుల బొమ్మలతోని స్టాంపులు ఏసింది. ఇంత పేరొచ్చినంక పైసల పంచాయితి కూడ వచ్చింది. మా పనికి, మా నమూనాలకు రావాల్సింది మాకు రాలేదని కొందరు 2007ల కోర్టుకెక్కిన్రు. 2008ల ఆ కేసులు ఒప్పందంతోని ముగిసినయి. పేరు ఒకరికి, పైస ఇంకొకరికి పోయే భయం ఎంత పెద్ద మ్యూజియంకు పోయినా ఎంట ఉంటదని దీంతోని తెలుస్తున్నది.

పక్క రాష్ట్రంల సిద్దీలు

అంత దూరం ఎందుకు, కర్ణాటకల ఉత్తర కన్నడ జిల్లాకు పోదాం. హలియాళ్, యెల్లాపూర్ దిక్కు అడవి ఊర్లల్ల సిద్దీలు ఉంటరు. శతాబ్దాల కింద ఆఫ్రికా నుంచి ఈ గడ్డకు వచ్చిన, తేబడిన మనుషుల వారసులు. మన హైదరాబాద్‌ల ఏసీ గార్డ్స్ అనే జాగ ఉన్నది కదా, అది నిజాం కాలం ఆఫ్రికన్ కవల్రీ గార్డ్స్ పేరే. వాళ్ల మూలం కూడ ఆఫ్రికానే. ఉత్తర కన్నడ సిద్దీలకు 2003ల ఎస్టీ హోదా వచ్చింది.

సిద్దీ ఆడోళ్ల బొంతను కవంది అంటరు. వాళ్ల తీరు వేరే. మనం వరుసకు వరుస కుట్టుకుంట పోతం. వాళ్లు ఓ మూల కాడ మొదలు పెట్టి, అంచు ఎంబడి చుట్టు తిరుక్కుంట, ముక్క మీద ముక్క అతుక్కుంట నడుమకు చేరుకుంటరు. అతుకుడు, కుట్టుడు రెండూ ఒక్కపారే. ఆఖర్ల నాలుగు మూలలకు గుడ్డ మడిచి చిన్న ముక్కోణం కుడ్తరు, దాన్ని పువ్వు అంటరు. పువ్వు లేకుంటె బొంత బోసిగ ఉన్నట్టే లెక్క. హెన్రీ డ్రూవల్ అనే అమెరికా పరిశోధకుడు వీటిని చూసి నలుగురికి తెలిసేటట్టు చేసిండు. అక్కడి ఆడోళ్లు సహకార సంఘంగ కూడిన్రు. ఆ కవందులు ఇయ్యాల దేశదేశాలకు పోతున్నయి.

బీహార్ల ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఊరి ఆడోళ్లయితే పాత సుజని కుట్టును మళ్ల బతికించి, దాని మీద వరకట్నం, ఆడపిల్లల పిండాలను చంపుడు అసొంటి సంగతులు బొమ్మలుగ కుట్టిన్రు. అమెరికాల ఎయిడ్స్‌తోని చచ్చిపోయినోళ్ల యాదిల 1987ల మొదలైన క్విల్టు ఇంకో ముచ్చట. ఒక్కో ముక్క 3 ఫీట్లు, 6 ఫీట్లు, అంటె మనిషిని బొందవెట్టే జాగంత. సర్కారు నోరు మెదపని కాలంల ఆ ముక్కలను దేశ రాజధానిల మైదానంల పరిచి చూపెట్టిన్రు. మొదటిసారి పరిచినప్పుడే 1,920 ముక్కలు. బొంత మాట్లాడ్తది, మాట్లాడించేటోళ్లుంటె.

మొదలు పెట్టుడెట్ల?

దీనికి మిషిన్ అక్కర్లేదు, లోను అక్కర్లేదు, ట్రైనింగ్ సెంటరు అక్కర్లేదు. కావాల్సినయి ఇవే:

- పాత నూలు చీరలు నాలుగు. నూలో కాదో తెల్వకుంటె అంచు నుంచి ఓ పోగు గుంజి కాల్చుండ్రి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి ఉండ కడితే పాలిస్టర్.
- పెద్ద కన్నమున్న పొడుగు సూది, గట్టి నూలు దారం, కత్తెర.
- పొరలు కదలకుంట మూలల మీద పెట్టనీకె నాలుగు రాళ్లు.
- ఊర్ల ఓ ముసలవ్వ. ఇదే అన్నిటికన్న ముఖ్యం.

చీరలను ముందుగాల ఉతికి, బాగ ఆరబెట్టి, ముడుతలు లేకుంట నేల మీద పరుచుండ్రి. ఎక్కువ చినిగినయి నడుమ పొరల్లకు, గట్టియి కింద మీద. చుట్టు అంచు లోపలికి మడిచి పెద్దపెద్ద కుట్లతోని పట్టియ్యాలె. నడుమ కూడ జానెడు జానెడు దూరంల అట్లనే తాత్కాలికంగ పట్టియ్యాలె. అటెన్క సన్న కుట్టు మొదలు. దారం మరీ గుంజొద్దు, గుంజితే గుడ్డ ముడుసుకపోతది. మొదాలే మంచమంత బొంత పెట్టుకోకుండ్రి. రెండు ఫీట్ల పిల్ల బొంత చేసి చూడుండ్రి. వంకర పోతే పోనియ్యి. అది ముసలవ్వ ముందట పెడితే, ఆమె నవ్వి, సూది గుంజుకోని, ఏల్లతోనే పాఠం చెప్తది.

ఆమె చెప్పేటప్పుడు ఫోను పక్కకు పెట్టుమని నేనన. ఫోను తియ్యుండ్రి. ఆమె చేతులను, మాటలను రికార్డు చెయ్యుండ్రి, ఆమెను అడిగి. ఏ కుట్టును ఏమంటరు, ఎవల కాడ నేర్చుకున్నది, ఏ కాన్పుకు ఏ బొంత కుట్టింది, అన్నీ. తండా మీ పక్కనే ఉంటె లంబాడ అవ్వల కాడికి పోవుండ్రి. అద్దాలు, ముక్కలు అతికిన ఫేట్యా లంగ ఒక్కటి కుట్టనీకె ఎన్ని దినాలైతదో అడుగుండ్రి. ఈ తెలివి ఏ పుస్తకంల లేదు, ఆ చేతులల్ల ఉన్నది. ఆ చేతులు 70 దాటినయి.

సంఘం ఎట్లుండాలె?

అమెరికాల క్విల్టు సంఘాలను గిల్డులు అంటరు. నెలకోసారి కూడుతరు, ఎవరేం కుట్టిన్రో చూపెట్టుకుంటరు, ముక్కలు మార్చుకుంటరు, దవాఖానలకు, దిక్కులేనోళ్లకు కుట్టిస్తరు. మనకు పేరు ఏదైతేంది, ఐదుగురు చాలు. జాగ గ్రామపంచాయతి అరుగు కావచ్చు, బడి వరండ కావచ్చు. ఒకరి ఇల్లు అయితే కొన్ని కులాలోళ్లు గడప అవుతల్నే నిలబడాల్సి వస్తది. అందుకే అందరి జాగనే మంచిది. ఒక్క బొంత చుట్టు అన్ని వాడల పిల్లలు కూసుంటె, అన్ని వాడల చీరలు దాంట్ల కలిస్తే, ఎన్ని ఉపన్యాసాలు ఇస్తే అంత పని అయితది?

అమ్మాలని అనుకుంటె మూడు కట్టుబాట్లు పెట్టుకోవాలె. ఒకటి, ప్రతి బొంత మూలకు కుట్టినోళ్ల పేరు, ఊరు, ఏడు దారంతోని రాయాలె. పేరు లేని పనిని ఎవడైనా తనదంటడు. రెండు, కొంతభాగం ఆర్డరు పని అయినా, ఎవరి మనసు తీరు వాళ్లు కుట్టుకునే బొంత ఇంట్ల ఒకటి నడుస్తుండాలె. జీస్ బెండ్ నేర్పిన పాఠం గదే. మూడు, గంటలు రాసి పెట్టుకోవాలె. మీద చెప్పిన 23 గంటలంటె 8 గంటల లెక్కన ఇంచుమించు 3 దినాలు. 2024-25ల ఉపాధి హామీ కూలి మన కాడ దినానికి 300 రూపాయలు. అంటె ఒక్క కూలే 900. సూది దారం, చీరలు, రవాణ దీనికి మీద. ఎవడన్న 500లకు అడిగితే, ‘మా అవ్వ కూలి ఎంతనుకున్నవ్?’ అని లెక్క కాయితం ముందట పెట్టుండ్రి. లెక్క ఉన్నోడు బేరంల ఓడిపోడు.

అమ్మకున్నా పర్వ లేదు. హాబీ అంటె పట్నపోళ్లకు, పైసలున్నోళ్లకు అనే మాట మనకు మనమే ఒప్పుకున్నం. కైకిలి చేసే పిల్లకు, డిగ్రీ అయ్యి నోటిఫికేషన్ కోసం ఎదురు చూసే పిలగానికి, మనసుకు నచ్చిన పని రెండు గంటలు చేసుకునే హక్కు లేదా? తన కోసం, తన ఇష్టంతోని, ఎవడి హుకుం లేకుంట చేసే పని మనిషిని నిలబెడ్తది. పరీక్ష తప్పినా, ఆ వారం కుట్టిన రెండు వరుసలు తప్పవు, కండ్ల ముందటనే ఉంటయి.

బొంతతోని బతుకులు రాత్రికి రాత్రి మారిపోతయని నేను చెప్త లేను. ఉద్యోగాల కోసం కొట్లాట కొట్లాటనే, కూలి రేటు కోసం కొట్లాట కొట్లాటనే. గాని కొట్లాటకు కూడే మనుషులు కావాలె. నలుగురు కూడనీకె ఓ సాకు కావాలె. మన అమ్మలకు ఆ సాకు బొంత ఇచ్చింది. ఈ ఐతారం నాలుగు పాత చీరలు పట్టుకోని మీ వాడల ముసలవ్వ కాడికి పోవుండ్రి. ‘అవ్వా, నాకు బొంత కుట్టుడు నేర్పుతవా?’ అని అడుగుండ్రి. చాన ఏండ్లాయె, ఆమెను ఎవరూ ఏదీ నేర్పుమని అడగక.